గేటు ముందు జాగా

(రాత్రి బడిలో ఒక టీచరమ్మ మాట్లాడిన మాటలు)



ఈ రోజు గేటు గురించి మాట్లాడుకుందాం. మీలో కొందరు అపార్టుమెంట్లలో వాచ్‌మన్‌లుగా ఉన్నారు. కొందరు ఇండ్లల్లో పనికి పోతున్నారు. కాబట్టి ఈ సంగతి మీకు బాగా తెలుసు.

నేను హన్మకొండలో ఒక అపార్టుమెంటులో ఉంటాను. అందులో ఇరవై ఇండ్లు ఉన్నాయి. ఇద్దరు పెద్ద అధికారులు కూడా అక్కడే ఉంటారు. పొద్దున తొమ్మిది కాగానే వాళ్ల కోసం సర్కారు బండ్లు వస్తాయి. డ్రైవర్లు వాటిని సరిగ్గా గేటుకు అడ్డంగా నిలుపుతారు. బడి ఆటో లోపలికి రాదు. పిల్లలు సంచులు మోసుకొని రోడ్డు మీదికి ఉరుకుతారు.

మా వాచ్‌మన్ భార్య ఒకసారి అడిగింది.

"అన్నా, జర బండి పక్కకు పెట్టరాదే."

"ఏందమ్మా, ఇది సారు బండి అని తెల్వదా?" అన్నాడు డ్రైవరు.

ఆమె తల వంచుకొని లోపలికి పోయింది. నేను పైనుంచి చూశాను. ఏమీ అనలేదు. ఆ సంగతి చెప్పాలంటే నాకు ఇప్పటికీ సిగ్గే.

పోయిన చలికాలంలో మూడో అంతస్తులో ఒక ముసలమ్మకు ఆయాసం వచ్చింది. 108కు ఫోన్ చేశాం. అంబులెన్సు తొందరగానే వచ్చింది. కానీ గేటుకు అడ్డంగా జీపు ఉంది. డ్రైవరు తాళంచెవి జేబులో వేసుకొని చాయ్ తాగను పోయాడు. మనిషి పక్కకు తిరిగి దూరేంత సందే ఉంది. స్ట్రెచరు పట్టలేదు. ముసలమ్మను కుర్చీలో కూర్చోబెట్టారు. నలుగురు కలిసి ఆ కుర్చీని జీపు ముందు భాగం మీదుగా ఎత్తి దాటించారు. ఆమె బతికింది. ఎం.జి.ఎం. దవాఖానలో నాలుగు రోజులు ఉండి ఇంటికి వచ్చింది. కుర్చీ జారి ఉంటే ఏమయ్యేది?

ఇప్పుడు చట్టం ఏమంటుందో చూద్దాం.

అపార్టుమెంటులో గేటు, మెట్లు, నడిచే దారి ఏ ఒక్కరివీ కావు. అవి ఇండ్ల వాళ్లందరికీ ఉమ్మడివి. మన రాష్ట్రంలో 1987 నుంచి దీనికి చట్టం ఉంది.

గేటు బయట రోడ్డుకూ చట్టం ఉంది. అది 1988 మోటారు వాహనాల చట్టం. ఇతరులకు ప్రమాదం, అడ్డంకి కలిగేలా బండి నిలపరాదని అందులో 122వ సెక్షను చెబుతుంది. ఇంటి ప్రవేశానికి అడ్డంగా బండి పెట్టరాదని 1989లో వచ్చిన రోడ్డు నియమాలు చెప్పాయి. 2017లో వచ్చిన కొత్త నియమాలు కూడా ఆ మాటే చెప్పాయి. సారు బండి అయితే పెట్టవచ్చని ఎక్కడా రాయలేదు.

ఎర్రబుగ్గ కార్లు మీకు గుర్తున్నాయా? 2017 మే 1 నుంచి మంత్రుల కార్లకూ, అధికారుల కార్లకూ ఆ ఎర్రబుగ్గలు తీసేశారు. అంబులెన్సు, ఫైరింజను వంటి బండ్లకే బుగ్గ మిగిలింది. అంటే దారి ముందుగా ఎవరికి ఇవ్వాలి? ఆపదలో ఉన్న మనిషికి.

డ్రైవరు బాధ కూడా వినాలి. తర్వాత నేను అతనితో మాట్లాడాను. "సారు ఎప్పుడు దిగుతరో తెల్వది టీచరమ్మా. బండి దూరం పెడితే నాకే తిట్లు" అన్నాడు. అతనూ మనలాగే కూలి కోసం పని చేసే మనిషి. అందుకే డ్రైవరుతో కొట్లాడితే పని కాదు. అడగాల్సింది అధికారినే.

మరి ఎట్లా అడగాలి? కాయితం మీద రాసి అడగాలి.

ఆ కాయితం రాసింది ఎవరనుకున్నారు? మా వాచ్‌మన్ భార్యే. ఈ రాత్రి బడిలోనే అక్షరాలు నేర్చుకుంది. "అయ్యా, గేటు ముందు జాగా వదలండి. రోగం వస్తే దారి కావాలి" అని రాసింది. ఒక ఒత్తు తప్పు పోయింది. అయినా అర్థమైంది. కింద మొదటి సంతకం ఆమెదే. రెండోది నాది. తర్వాత మిగిలిన ఇండ్ల వాళ్లు సంతకాలు పెట్టారు.

ఒక సారు కాయితం చదివారు. డ్రైవరును పిలిచి, "గోడ పక్కన పెట్టు, నేనే నడిచి వస్తా" అన్నారు. రెండో సారు జవాబు ఇవ్వలేదు. ఆయన బండి ఇప్పటికీ అప్పుడప్పుడు అడ్డం ఉంటుంది. కానీ వాచ్‌మన్ భార్య ఇప్పుడు తల వంచుకొని పోవడం లేదు. తీసేదాకా అక్కడే నిలబడుతుంది.

ఎవరూ వినకపోతే పోలీసులకు 100కు ఫోన్ చేయవచ్చు. సోమవారం కలెక్టరు ఆఫీసులో జరిగే ప్రజావాణిలో దరఖాస్తు ఇవ్వవచ్చు. దరఖాస్తు నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.

సరే, ఇప్పుడు అందరూ పలకలు తీయండి. ఈ మాట రాయండి.

గేటు అందరిది. దారి వదలండి.

రాసినాక కింద మీ పేరు కూడా రాయండి.