నడుం పట్టిందని మంచం ఎక్కకండి
(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి, మన హక్కుల గురించి పెద్దలు వివరంగా మాట్లాడారు. నేను ముప్పై ఏళ్ళు ఫిజియోథెరపిస్టుగా పనిచేసినవాణ్ణి కనుక నడుముల గురించి చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు.

ముందుగా నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. 1988లో, మా అన్నయ్య రిటైరైన ఏడాది, నీళ్ళ బిందె ఎత్తబోయి నడుం పట్టేసింది. అప్పట్లో మేము నేర్చుకున్నదీ, నలుగురికీ చెప్పేదీ ఒకటే మాట, విశ్రాంతి. చెక్క బల్ల మీద ఆరు వారాలు కదలకుండా పడుకోబెట్టాను. పాపం వదిన అన్నం కూడా మంచం దగ్గరికే తెచ్చి పెట్టేది. తీరా లేపి చూస్తే నొప్పి పోలేదు సరికదా, తొడల్లో కండ కరిగిపోయింది. రోజూ రెండు మైళ్ళు నడిచి ఆఫీసుకు వెళ్ళివచ్చిన మనిషి గుమ్మం దాకా నడవలేకపోయాడు. చేతికర్ర వదలడానికి ఎనిమిది నెలలు పట్టింది. అదైనా నా వైద్యం వల్ల కాదు. గేటు దగ్గర పడిన పేపరు తానే వెళ్ళి తెచ్చుకోవాలని వదిన పట్టుబట్టింది, గోడ పట్టుకుని వెళ్ళేవాడు. “నీ మాట వినే ఇలా అయ్యానురా” అని అన్నయ్య ఒక్కనాడూ అనలేదు. అంటే బాగుండేది.

నేను చదవవలసింది చదవలేదు. 1986లోనే అమెరికాలో 203 మంది నడుంనొప్పి రోగుల మీద చేసిన పరిశోధన ప్రచురితమైంది. కొందరికి ఏడు రోజులు, కొందరికి రెండే రోజులు పడక చెప్పారు. రెండు రోజులవాళ్ళు పని మానిన రోజులు 45 శాతం తక్కువ. 1995లో ఫిన్లాండు నుంచి మరొకటి వచ్చింది. హెల్సింకీ నగరపాలక ఉద్యోగులు, మనలాంటివాళ్ళే, 186 మంది. ఒక జట్టుకు రెండు రోజులు మంచం, రెండో జట్టుకు నడుం వ్యాయామాలు, మూడో జట్టుకు మాత్రం “ఓర్చుకోగలిగినంత వరకు మీ పనులు మీరు చేసుకోండి” అన్నారు. మూడో జట్టే ముందు తేరుకుంది. మంచం జట్టు అందరికన్నా వెనకబడింది. వ్యాయామాలు చెప్పి బ్రతికినవాణ్ణి, నాకు కాస్త చిన్నతనంగానే తోచింది!

“స్కానింగులో డిస్కు ఉబ్బిందన్నారండీ” అని చాలామంది బెంగపడుతుంటారు. 1994లో, నడుంనొప్పే లేని 98 మందికి ఎమ్మారై తీసి చూశారు. సగానికి పైగా జనానికి ఎక్కడో ఒక డిస్కు ఉబ్బే ఉంది. అన్ని డిస్కులూ సవ్యంగా ఉన్నవాళ్ళు 36 శాతమే. తల నెరిసినట్టే ఇదీను. ఆ కాగితం చూసి నడక మానేయకండి.

అయితే కొన్ని గుర్తులుంటే మాత్రం నా మాటలు పక్కనపెట్టి వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. మల మూత్రాలు పట్టు తప్పినా, మూత్రం బిగిసినా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా, కాలు పడిపోతున్నా రాత్రికి రాత్రే వెళ్ళండి. జ్వరంతో, బరువు తగ్గడంతో వచ్చే నొప్పినీ, జారిపడ్డాక వచ్చే నొప్పినీ ఓర్చుకుంటూ కూర్చోవద్దు.

“ఈ వయసులో కండ ఏం పెరుగుతుందండీ” అని మిత్రులొకరు ఇందాక నవ్వారు. 1990లో బోస్టనులో వృద్ధుల ఆశ్రమంలో ఉన్న పదిమందితో, సగటు వయసు 90, ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులెత్తించారు. తొమ్మిదిమంది చివరిదాకా చేశారు. తొడల బలం సగటున రెట్టింపుకు మించి పెరిగింది.

మనకు బరువులక్కర్లేదు. చేతుల్లేని గట్టి కుర్చీ గోడకు ఆనించి, చేతులు ఊనకుండా లేచి, మెల్లిగా కూర్చోండి. మొదట ఐదుసార్లు చాలు. మొదట్లో కాస్త సలుపుతుంది, భయపడకండి. మర్నాడు పొద్దుటికీ నొప్పి ఎక్కువగానే ఉంటే రెండు తగ్గించండి, మానేయవద్దు. తూలేవాళ్ళు పక్కన మనిషి ఉండగా చేయండి.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. కాఫీ సిద్ధమైందట. లేచేటప్పుడు ఎంతమంది కుర్చీ చేతులు పట్టుకుంటారో నేను ఇక్కడి నుంచే చూస్తుంటాను. సెలవు.