సంభాషణ నేర్పడం కూడా హక్కుల పనే

(మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో ఒక ప్రత్యేక ఉపాధ్యాయురాలి ప్రసంగ పాఠం)



నేను భవిత కేంద్రంలో పనిచేస్తాను. సమగ్ర శిక్ష కింద మండల కేంద్రాల్లో, ఎక్కువగా బడి ఆవరణలోనే, నడిచే కేంద్రాలివి. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల వయసు పిల్లలతో, ముఖ్యంగా బుద్ధిమాంద్యత, ఆటిజం, మాట ఇబ్బంది ఉన్న అమ్మాయిలతో నా పని. నల్లగొండ, పాలమూరు జిల్లాలు 2016లో ముక్కలైనా మన నోట్లో ఇంకా పాత పేర్లే ఉన్నాయి కనుక నేనూ అలాగే అంటాను.

నల్లగొండలో వైకల్యం అనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తుకొస్తుంది. వంకరపోయిన కాళ్లను ఫోటో తీయవచ్చు, అసెంబ్లీలో చూపించవచ్చు. మనసులో ఉన్నది చెప్పలేని పిల్ల బాధ ఫోటోకు అందదు. అందుకే ఇవాళ ఒక్క విషయమే మాట్లాడతాను. ఈ పిల్లలకు సంభాషణ నేర్పడం గురించి.

మా కేంద్రానికి కొత్తగా వచ్చిన అమ్మాయిని చూడండి. పేరు చెబుతుంది, ఊరు చెబుతుంది, రంగులు గుర్తుపడుతుంది. "మంచిగ మాట్లాడుతది మేడం" అంటారు ఇంట్లోవాళ్లు. "పొద్దున ఉప్మా తిన్నవా?" అని అడిగితే "ఊ" అంటుంది. కాసేపాగి "పొద్దున ఇడ్లీ తిన్నవా?" అంటే దానికీ "ఊ". ఆమె అబద్ధం చెప్పడం లేదు. పెద్దవాళ్లు అడిగినప్పుడు "ఊ" అంటే వాళ్లు సంతోషించి వెళ్లిపోతారని ఇన్నేళ్లలో నేర్చుకుంది. అది మనమే నేర్పాం. సదరం శిబిరాల్లో ఎన్నోసార్లు చూశాను: పన్నెండేళ్ల పిల్ల ఎదురుగా కూర్చుని ఉంటే ప్రశ్నలన్నీ తల్లికే. తల్లిదండ్రులు పుణెకో బొంబాయికో వలస పోయిన ఇళ్లలో ముసలి నాయనమ్మ దగ్గర పెరిగే పిల్లకు రోజంతా వినిపించేవి నాలుగు మాటలు: రా, తిను, కూర్చో, పండు.

ఇలా "ఊ" అనడమే తెలిసిన పిల్లమీద ఎవడైనా చెయ్యి వేస్తే ఏమవుతుంది?

మన చట్టాలు కొంత ఆలోచించాయి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఇలాంటి పిల్లల వాంగ్మూలం తీసుకునేటప్పుడు పోలీసులు, మేజిస్ట్రేటు, కోర్టు కూడా స్పెషల్ ఎడ్యుకేటర్ సాయం తీసుకోవచ్చు. 2013 సవరణతో, లైంగిక హింస జరిగిందని వైకల్యం ఉన్న స్త్రీ ఫిర్యాదు చేస్తే పోలీసులే ఆమె ఇంటికో, ఆమె కోరిన చోటికో వెళ్లి, స్పెషల్ ఎడ్యుకేటర్ లేదా ఇంటర్‌ప్రెటర్ సమక్షంలో రాసుకోవాలన్న నియమం వచ్చింది. దాన్ని వీడియో తీయాలి కూడా. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 173వ సెక్షన్ అదే చెబుతోంది. మంచిదే. కాని ఆ రోజు పిలిస్తే వెళ్లి కూర్చునే నాలాంటి మనిషి ఆ పిల్లకు అప్పటికప్పుడు మాటలు పుట్టించలేదు. లాయరు రెండు వైపులా తిప్పి అడిగితే రెండింటికీ "ఊ" అనే పిల్ల కేసు అక్కడే కూలిపోతుంది. ఆ మాటలు అంతకు ముందే, మామూలు రోజుల్లో, బడిలో నేర్పి ఉండాలి.

స్త్రీల ఉద్యమం ఈ విషయాన్ని ఎప్పుడో ఎదుర్కొంది. 1994లో మహారాష్ట్రలోని శిరూరు వసతి గృహం అమ్మాయిలకు పుణెలో గర్భసంచులు తీసేశారు. నెలసరి శుభ్రత వాళ్లకు చేతకాదని సాకు చెప్పారు. మహిళా సంఘాలు గట్టిగా ఎదిరించాయి. 2009లో చండీగఢ్ కేసులో సుప్రీంకోర్టు, బుద్ధిమాంద్యత ఉన్న స్త్రీ గర్భాన్ని ఆమె ఒప్పుకోకుండా తీసేయడానికి వీల్లేదంది. బిడ్డ కావాలని ఆమె అన్నది, ఆ మాట విన్నారు. తనకేం కావాలో చెప్పగలగడం మీద ఒక స్త్రీ శరీరం ఎంతగా ఆధారపడి ఉంటుందో ఈ రెండూ చెబుతాయి.

ఇక ఎలా నేర్పుతామో చెబుతాను. ఖర్చు లేని పని, ఓపిక ఉన్న పని.

మొదటిది ఆగడం. ఏదైనా అడిగాక మనసులో పది లెక్కపెట్టాలి. మనం మూడుకే జవాబు అందించేస్తాం.

రెండోది, ప్రశ్నలు తగ్గించడం. "ఇయ్యాల దారెంట తంగేడు పూలు మస్తు పూసినయి" అని ఊరుకుంటాను. "మా చేన్ల కూడ" అని ఎవరో అంటారు. సంభాషణ అక్కడ మొదలవుతుంది.

మూడోది చింతగింజల ఆట. తలా అయిదు గింజలు ఇస్తాం. ముందు పిల్ల చెప్పినదానికి సంబంధించిన మాటో ప్రశ్నో అన్నప్పుడే గింజ గిన్నెలో వేయాలి. "మా బర్రె ఈనింది" అని ఒకరంటే "నాకు కొత్త గాజులు" అంటే గింజ పడదు. "దుడ్డెనా, దున్ననా?" అంటే పడుతుంది. మాటకారి పిల్ల గింజలు ముందే అయిపోతాయి. ఇక వినాలి. మూగగా కూర్చునే పిల్ల చేతిలో ఇంకా నాలుగుంటాయి. అందరూ ఆమెవైపు చూస్తారు, ఆగుతారు.

నాలుగోది, "నాకు సమజ్ కాలే, మళ్ల చెప్పు" అనడం. ఈ ఒక్క వాక్యం వచ్చిన పిల్ల ప్రతిదానికీ "ఊ" అనడం మానేస్తుంది. అయిదోది, కాదనడం. నేను కావాలనే తప్పు చెబుతాను. "మేడం, అట్ల కాదు" అన్న పిల్లకు చప్పట్లు. "వద్దు", "నన్ను ముట్టకు", "అమ్మకు చెప్త" అనడం కూడా ఇందులో భాగమే. శరీర భాగాల పేర్లు సిగ్గుపడకుండా నేర్పుతాం.

మాట బొత్తిగా రాని పిల్లలకు బొమ్మల బోర్డు చేస్తాం. 2016 వికలాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్ ఇలాంటి సాధనాలను ప్రోత్సహించాలంటుంది. కాని బోర్డుల మీద ఎప్పుడూ ఉండేవి అన్నం, నీళ్లు, బాత్‌రూం. "వద్దు", "నొప్పి", "భయం", "కొట్టిండు", "ఎందుకు?" ఉండవు. బోర్డు మీద లేని మాట ఆ పిల్ల ఎన్నటికీ చెప్పలేదు. ఏ మాట ఉండాలో నిర్ణయించేది మనం. ఇది రాజకీయం కాక మరేమిటి?

ఇంకొకటి, భాష. "ఏంది గిట్ల" అన్న పిల్లను "ఏమిటి ఇలా అనాలి" అని సరిదిద్దితే ఆమె మళ్లీ నోరు విప్పదు. దేవరకొండ తండాల పిల్లకు ఇంట్లో లంబాడీ మాట, బడిలో తెలుగు. రెంటి మధ్య మౌనంగా ఉన్న పిల్లను మందబుద్ధి అని రాసేయకండి. ముందు ఆమె ఇంటి మాట తెలిసినవాళ్లను పక్కన కూర్చోబెట్టండి.

1990లలో మన పల్లెల్లో మహిళా సంఘాలు మొదలైనప్పుడు పేరు చెప్పడానికి కొంగు నోట్లో పెట్టుకున్న ఆడవాళ్లే తర్వాత ఎమ్మార్వోను నిలదీశారు. గుండ్రంగా కూర్చున్నారు, ఒకరు చెబితే ఒకరు విన్నారు. మా పిల్లలకూ కావలసింది ఆ వలయమే.

అందుకని మీకు నా విన్నపాలు. ఇంటికి వెళ్లినప్పుడు ముందు ఆ పిల్లనే పలకరించండి, తల్లిని తర్వాత. మండలంలో భవిత కేంద్రం తెరిచి ఉంటున్నదా, అమ్మాయిలు వస్తున్నారా కనుక్కోండి. ఉన్నత ప్రాథమిక స్థాయిలో 15 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక ప్రత్యేక టీచరు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ మండలంలో లెక్క అడగండి. కిశోర బాలికల సమావేశాలకు ఈ అమ్మాయిలను పిలవండి. పిలిచి మూలన కూర్చోబెట్టకండి, వాళ్ల చేతిలోనూ అయిదు చింతగింజలు పెట్టండి.

వాళ్లు చెప్పేది మనకు నచ్చకపోవచ్చు. మన పద్ధతుల మీదే ఫిర్యాదు కావచ్చు. అయినా వినాలి. కాదనడం నేర్పాక ఆ "కాదు" మన మీదికి వచ్చినప్పుడే మనం నేర్పింది నిజమో కాదో తేలుతుంది.