గుండె వైద్యుడు, ఆరోగ్యశ్రీ కార్డు

భద్రాచలము రోడ్డు అను రైలు స్టేషను భద్రాచలములో లేదు. అది కొత్తగూడెములో నున్నది. అచ్చట దిగిన యాత్రికుడు రాముని దర్శించుటకు ఇంకను సుమారు 40 కిలోమీటర్లు బస్సులో పోవలెను. ఆరోగ్యశ్రీ బోర్డు చూచి గుండెనొప్పితో ఆసుపత్రి మెట్లెక్కిన వారికిని ఒక్కొక్కప్పుడు ఇట్టి యనుభవమే కలుగుచున్నది. పేరు కనబడును గాని, చేరవలసిన చోటు ఇంకను దూరముననే యుండును.

ఈ పథకము 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున మహబూబునగరము, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో మొదలయి, తరువాత తక్కిన జిల్లాలకు వ్యాపించినది. తెలంగాణలో 2023 డిసెంబరున కుటుంబమునకు ఏటా 10 లక్షల రూపాయల వఱకు వైద్యము చేయించుకొనవచ్చునని పరిమితిని పెంచిరి. బీదవానికి ఇది చిన్న అండ కాదు. అయితే ప్రభుత్వము సొమ్మిచ్చుట వేఱు, ఆ సొమ్మునకు వైద్యము చేయు నిపుణుడు మనకు దొరకుట వేఱు.

శ్రోతలలో పెక్కుమందికి తెలియని సంగతి యొకటి యున్నది. ఆసుపత్రిని పథకములో చేర్చుకొనునపుడు అన్ని రోగములకును కలిపి చేర్చుకొనరు. ఎముకలకు, మూత్రపిండములకు, గుండెకు వేర్వేఱుగా అనుమతి యుండును. ఎముకల వైద్యమునకు మాత్రమే అనుమతి గల ఆసుపత్రియు బయట కట్టు బోర్డు ఒక్కటే.

దుమ్ముగూడెము ప్రాంతపు రైతు ఒకడు, నా పూర్వ విద్యార్థి తండ్రి, నాలుగడుగులు నడచిన ఛాతీ పట్టుకొని కూర్చుండెడివాడు. కుమారుడు అతనిని కారు మాట్లాడుకొని ఒక పట్టణమునకు తీసికొనిపోయెను. మొదటి ఆసుపత్రిలో గుమాస్తా కార్డు చూచి, "ఆరోగ్యశ్రీ ఉందండీ, గుండెకి లేదు" అనెను. రెండవచోట గుండెకు అనుమతి యున్నది గాని, నిపుణుడు వారమున కొక్క దినమే వచ్చును. ఆ దినము నిన్ననే గడచినది. రాత్రికి తిరిగి వచ్చి ఆ బాలుడు, "కారుకే అయిపోయినయి పంతులుగారూ, ఇక మందులకేం మిగల్లేదు" అని నా యరుగు మీద కూలబడెను.

కారు కట్టుటకు ముందు 104కు టెలిఫోను చేసియుండిన ఈ కష్టము చాలవఱకు తప్పెడిది. ఈ ఆసుపత్రికి గుండె వైద్యమునకు అనుమతి యున్నదా? ఆంజియోగ్రామ్ తీసి, అవసరమైన స్టెంటు అచ్చటనే వేయుదురా? నిపుణుడు ఏ దినములలో నుండును? ఈ ప్రశ్నలకు సమాధానము దొరకిన పిదపనే బయలుదేరవలెను. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర యను ఉద్యోగి యుండును. రోగి మొదట కలిసికొనవలసినది అతనినే, డబ్బు కట్టించుకొను కిటికీని గాదు. ఆమోదము వచ్చిన చికిత్సకు వేఱుగా సొమ్మడుగుట నిబంధనలకు విరుద్ధము. అడిగినచో రసీదు కోరి, ఆ 104కే ఫిర్యాదు చేయవచ్చును. ప్రభుత్వ వైద్యశాలలను మఱచిపోవుట మన కొక అలవాటయినది. ఖమ్మము ప్రభుత్వ ఆసుపత్రిలో 2022లో కాథ్‌ల్యాబ్ ప్రారంభమైనది. హైదరాబాదున నిమ్స్, గాంధీ, ఉస్మానియా ఉండనే యున్నవి.

ఇదంతయు తీరిక గల రోగమునకు చెల్లును. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో ప్రాకు నొప్పి, చల్లని చెమట పట్టిన వేళ కార్డు కొఱకు పెట్టెలు వెదకవలదు. 108ని పిలిచి దగ్గఱి ప్రభుత్వ ఆసుపత్రికి పోవలెను. ఇ.సి.జి. తీసి, గడ్డకట్టిన రక్తమును కరిగించు సూదిమందు ఇయ్యదగునో కాదో వైద్యుడు నిర్ణయించును. ఆ మందు తొలి గంటలలో ఎంత త్వరగా పడిన అంత మేలు. 12 గంటలు దాటిన పిదప దానివలన ప్రయోజనము స్వల్పము. భద్రాచలము నుండి ఖమ్మము సుమారు 120 కిలోమీటర్లు. స్టెంటు అచ్చటనే వేయించెదమని ఈ సూదిని దాటి పరుగెత్తినవారిని నేనెఱుగుదును. అత్యవసరమున ఆమోదమును టెలిఫోను మీదనే పొందవచ్చును. కార్డును వెనుక తెచ్చి చూపవచ్చును.

మా ప్రాంతమునకు మాత్రమే గల చిక్కు వేఱొకటి యున్నది. 2014లో రాష్ట్రము విడిపోయినపుడు భద్రాచలము పట్టణము తెలంగాణలో నిలిచినది. చుట్టునున్న పల్లెలలో ననేకము ఆంధ్రప్రదేశమునకు పోయినవి. ఎటపాక వైపు కోయ యువతి యొకతెకు చిన్ననాటి కీళ్లవాతపు జ్వరముచే గుండె కవాటము ముడుచుకొనిపోయినది. గొంతునొప్పిగా వచ్చి, కీళ్లను పట్టి, తుదకు కవాటమును చెఱచు జబ్బు ఇది. నాలుగు కడవల నీరు మోయలేకపోయినది. భద్రాచలములో చూచిన వైద్యుడు కవాటమును బెలూనుతో వెడల్పు చేయింపవలెనని చెప్పి ఖమ్మమునకు చీటీ వ్రాసెను.

కార్డు చూచిన వారు ఇది ఆంధ్ర కార్డనిరి. ఆమె తల్లి నాతో, "గుడి మైకు మా ఇంట్లో కూర్చుంటే వినబడుద్ది పంతులుగారూ. కార్డేమో ఈడ చెల్లదంట" అనెను. నాకు మాట తోచలేదు. ఆ రాష్ట్రపు పథకమును అంగీకరించు ఆసుపత్రులు హైదరాబాదులోను కొన్ని యుండెనుగాని, అచ్చట వారికి తెలిసినవారు లేరు. తుదకు చింతూరు, మారేడుమిల్లి కనుమ దారిని కాకినాడకు పోయిరి. దారిలో బస్సు మలుపులకు రోగికంటె తల్లియే ఎక్కువ బాధపడినదట. చికిత్స జరిగినది, పైకము కట్టలేదు.

సరిహద్దున నున్నవారు బయలుదేరుటకు ముందే కార్డు ఏ రాష్ట్రముదో చూచుకొని, ఆ రాష్ట్రపు జాబితాలోనే వెదకవలెను. కేంద్రమువారి ఆయుష్మాన్ కార్డు గల కుటుంబములకు ఎల్ల దాటిన పిదపను ఆ పథకములో చేరిన ఆసుపత్రులలో చికిత్స దొరకును గాన, అర్హత యున్నదో లేదో విచారించుట మేలు. ఇంటికి పంపునపు డిచ్చిన కాగితములను పారవేయరాదు.

ఆ యువతి ఇపుడు మూడు వారముల కొకమారు పెన్సిలిన్ సూది కొఱకు నది గట్టు వెంట నడచి భద్రాచలమునకు వచ్చుచున్నది. ఆ సూదికి మాత్రము ఏ రాష్ట్రపు కార్డునని ఆమెను ఎవరును అడుగుట లేదు.