బొమ్మ కింద పేరు రాయండి



డప్పుకు తోలు బిగించిందీ, చెప్పు కుట్టిందీ మనమే. దాన్ని వెట్టి చేశారే గానీ కళ అనలేదు. ఇప్పుడు మన వాడల్లో బొమ్మలేసే బిడ్డలున్నారు. వాళ్లకు మేం చెప్పేది ఇదే.

రోజూ ఒక వలనో, చేపలబుట్టనో చూసి పెన్సిల్‌తో గీయండి. ఫ్లెక్సీలొచ్చాక ముత్తుకూరు నుంచి కావలి దాకా బోర్డులు రాసేవాళ్లకు పని తగ్గింది. కాబట్టి కుంచెతో ఆగొద్దు, కంప్యూటరు మీదా నేర్చుకోవాలి. ఇంటర్‌లో ఏ గ్రూపైనా సరే, జాతీయ డిజైన్ సంస్థ ప్రవేశపరీక్ష రాయొచ్చు. 2015లో మన రాష్ట్రంలోనూ ఆ సంస్థ పెట్టారు. ఎస్సీలకు 15 శాతం సీట్లున్నాయి. కుల ధ్రువపత్రం ముందే తీసిపెట్టుకోండి.

పని ఒప్పుకోకముందే రేటు మాట్లాడుకోండి. బొమ్మ కింద మీ పేరు రాయండి. పేరులేని చాకిరీ మన తాతలతోనే పోవాలి!