చిన్నారుల చేతి అచ్చులు



కృష్ణాష్టమినాడు తెలుగువారి యింట గడప మొదలు దేవుని పీట వరకు చిన్నికృష్ణుని పాదములు వెలయుట అందఱు నెఱిగినదే. తల్లి పిడికిలి బిగించి, చిటికెనవ్రేలి ప్రక్కను తడిపిన బియ్యపుపిండిలో ముంచి నేలపై నొత్తును. పైన వ్రేలికొనతో అయిదు చుక్కలు పెట్టును. పాదము సిద్ధమగును. ఇది చిత్రలేఖనము కాదు, ముద్రణము. ఈ కళకు యంత్రముతో పని లేదనుటకు వేఱు నిదర్శన మేల?

రాయపూరు పిల్లలకు ఈ విద్య నేర్పుటలో వినోదమును మించిన ప్రయోజనము కలదు. 1931లో పూర్తియైన రైలుమార్గము ఈ నగరమును విజయనగరముతో కలిపినది. ఊరు దగ్గఱయైనను అక్షరము దూరమగుచున్నది. బడిలో హిందీ, ఇంగ్లీషు. ఇంట మాట మాత్రమే తెలుగు. తాతగారు తెలుగున వ్రాసిన నాలుగు పంక్తులను తండ్రి చదివి వినిపింపవలసి వచ్చుచున్నది. పలకపై దిద్దుమన్న విసుగుకొను బాలుడు అచ్చు వేయుమన్న పరుగెత్తి వచ్చును.

సామగ్రి వంటింటనే యున్నది. పలుచని మైదా గంజిలో పసుపు కలిపిన పచ్చరంగు, బీటుదుంప రసము కలిపిన ఎఱ్ఱరంగు వచ్చును. బజారు కుంకుమలు కొన్ని రసాయనముల రంగులతో చేసినవగుటచే పసివారి చేతికి ఇవి మేలు. మడతపెట్టిన గుడ్డను పళ్ళెములో నుంచి రంగుతో తడిపిన అదే సిరాదిండు. అడ్డముగ కోసిన బెండకాయ పువ్వు నిచ్చును. ఉల్లిపాయ వలయముల నిచ్చును. ఇచ్చటి సంతలలో దొరకు తామరదుంప చిల్లుల జాలరు నిచ్చును. రావియాకు అడుగువైపున రంగు పూసి ఒత్తిన ఈనెలన్నియు కాగితముపై తేలును. కత్తిపని మాత్రము పెద్దలదే.

పెడనలో కలంకారీ పనివారు చేయునది యిదియే. కరక్కాయ కషాయమున, పాలలో తడిపి ఆఱిన వస్త్రముపై టేకుదిమ్మ నుంచి పిడికిట గ్రుద్దుదురు, రంగునకొక దిమ్మ. రవీంద్రుని బాలవాచకము ‘సహజ్ పాఠ్’ 1930లో వెలువడినపుడు నందలాల్ బోసు అందులకు లినోలియంపై చెక్కిన బొమ్మల నొసగెను. 1940లో మెదక్ సీమలోని నిజాంపూరున పుట్టిన కె. లక్ష్మా గౌడ్ బరోడాలో ముద్రణకళ నభ్యసించి, తన పల్లె ముఖములనే లోకమునకు చూపెను.

ఇక అక్షరము. బంగాళాదుంపను రెండుగా కోసి, తడి గుడ్డతో నద్దవలెను. కాగితముపై సిరాతో అక్షరము వ్రాసి, ఆఱకమునుపే దుంపపై బోర్లింపవలెను. అక్షరము అద్దమునందువలె తిరుగబడి దుంప కంటును. ఆ గీతవెంట రీఫిల్ తీసిన కలపు మొనతో బాలుడు గాడి చేయవలెను. అచ్చు వేసినపుడు రంగు నడుమ తెల్లని అక్షరము సరిగా నిలుచును. సిరా సాయము లేక తిన్నగా చెక్కినచో తలకట్టు ఎడమనుండి కుడికి మాఱిపోవును. అపుడు కోపపడరాదు. తలకట్టు ఎటు తిరుగునో ఆ బాలుడు ఇక మఱవడు. దుంప మఱునాటికి ముడుచుకొనును గాన నాటి పని నాడే ముగింపవలెను.

మొదట రెండు దుంపలు చాలును. ఒకదానిపై ‘తా’, రెండవదానిపై ‘రా’. మొదటిది రెండుమార్లు, రెండవది ఒకమారు ఒత్తిన ‘తాతా రా’ అని వచ్చును. ఒక దిమ్మ ఎన్నిమార్లయిన పలుకునన్న ముద్రణ రహస్యము పసివానికి అంతటితో బోధపడును. రానున్న యుగాదికి ఆ కాగితము నొక కవరులో నుంచి ఊరికి పంపుడు. ఎవరును చదివి వినిపింపనక్కఱలేని పిలుపు అది. వ్రాసినవాడు మనుమడే యని తాతగారికి తెలియును.