వెబ్‌సైట్‌కి మజూరి ఎంత?



సోలాపూర్‌లో గానీ, భివండిలో గానీ, బరంపురంలో గానీ, దుకాణం పెట్టుకున్న మనవాళ్ళు ఇప్పుడు ఒకటే అడుగుతున్నారు. ఒకాయన వెబ్‌సైట్ పదివేలకు చేస్తానంటాడు, ఇంకొకాయన అరవైవేలు అంటాడు. ఎవరు మోసం చేస్తున్నట్టు? ఇద్దరూ చెయ్యకపోవచ్చు.

జాకార్డు సంగతి మనకు తెలిసిందే కదా. కొత్త డిజైను కావాలంటే గ్రాఫు గీయాలి, అట్టలు కొట్టించాలి. అదంతా ఒక ఖర్చు. ఉన్న అట్టలే మగ్గానికి ఎక్కించి రంగులు మార్చి నేస్తే ఆ ఖర్చు ఉండదు. వెబ్‌సైట్ కూడా అంతే. రెడీమేడ్ థీములు దొరుకుతాయి. అందులో మీ పేరు, మీ ఫోటోలు పెట్టి ఇవ్వడం తప్పు పనేమీ కాదు. కానీ దానికి కొత్త గ్రాఫు గీసిన ధర అడిగితే ఇవ్వకూడదు. కాబట్టి మొదటి ప్రశ్న "ఎంత?" అని కాదు. "థీమా, కొత్తగా చేస్తావా? ఎన్ని రోజుల పని?" అని అడగండి. రోజులు చెప్తే రోజుకు ఎంత పడుతుందో మనమే లెక్క వేసుకోగలం. జీవితమంతా మజూరి లెక్కలు వేసినవాళ్ళమే కదా!

ఫోటోల మాట చాలామంది మర్చిపోతారు. రెండువందల చీరలకు కొంగు, అంచు, బుటా విడివిడిగా కనిపించేలా ఫోటో తీయడం, కొలత, నూలు రకం, ధర ఎక్కించడం పెద్ద పని. ఆ పని ఎవరిదో ముందే తేలాలి. పదివేలకీ అరవైవేలకీ తేడా చాలాసార్లు ఇక్కడే ఉంటుంది.

ఒక్కసారి ఇచ్చే డబ్బు వేరు, ఏటేటా కట్టేది వేరు. డొమైను, అంటే మీ పేరు, సాధారణంగా ఏడాదికి వెయ్యి రూపాయలకు అటూ ఇటూ. హోస్టింగు అంటే షెడ్డు అద్దె లాంటిది. సైటుకు తాళంలా ఉండే ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ ఉచితంగా కూడా దొరుకుతుంది, దానికి వేలు అడిగితే ఎందుకో అడగండి. జీఎస్టీ ఉన్నవాళ్ళయితే 18 శాతం అదనం, అది ధరలో కలిపి చెప్పారో లేదో చూసుకోండి.

ఇంకో మాట. ఆ కుర్రాడిని మరీ నలిపేయకండి. సావుకారు మన మజూరి కోసినప్పుడు నేత ఎలా పలచబడుతుందో మనకు తెలుసు. ధర మరీ దించితే ఆరు నెలల తర్వాత ఫోన్ ఎత్తడు.

అన్నిటికంటే ముఖ్యం, డొమైను మీ పేరు మీద, మీ ఈమెయిల్ మీద రిజిస్టర్ కావాలి. డిజైనరు పేరు మీద ఉంటే, రేపు అతనితో చెడితే దుకాణం బోర్డు అతని చేతిలో ఉన్నట్టే. పాస్‌వర్డులు అన్నీ పని పూర్తయిన రోజే రాయించుకోండి, ఆఖరి వాయిదా అప్పుడే ఇవ్వండి.

కొటేషన్లు తెచ్చుకున్నవాళ్ళు భోజనాలయ్యాక ఇటు రండి, కూర్చుని ఒక్కొక్కటీ చూద్దాం.