పాలపుంత పక్కనే ఒక బీడు



శ్రావణ అమావాస్య ముందూ వెనకా, రాత్రి ఎనిమిదిన్నర తొమ్మిది గంటలప్పుడు, తాడిపత్రి దీపాలకు దూరంగా పెన్న ఇసుకలోకి నడిచి వెల్లకిలా పడుకోండి. మబ్బు లేకపోతే నడినెత్తికి ఉత్తరంగా తెల్లటి చుక్క ఒకటి ధగధగలాడుతూ ఉంటుంది. అది అభిజిత్తు. నడినెత్తికి కొంచెం తూర్పుగా ఇంకొకటి కనిపిస్తుంది, అది శ్రవణం. శ్రావణ మాసానికి ఆ పేరు వచ్చింది దీనివల్లే. ఇక ఈ రెండు చుక్కల దాపున, సరిగ్గా మీ నెత్తిమీద ఉన్న చోటును చూడండి.

చుక్కలు బోలెడు కనిపిస్తాయి. అవన్నీ మన పాలపుంతవే, మన వాకిట్లో దీపాలు. వాటిని దాటి చూపు పోగలిగితే, అవతల పెద్ద బీడు ఉంది. అడ్డంగా కొలిస్తే కనీసం 15 కోట్ల కాంతి సంవత్సరాలు. అంత మేర గెలాక్సీలు దాదాపు లేవు. బ్రెంట్ టల్లీ, రిచర్డ్ ఫిషర్ అనే ఇద్దరు ఖగోళ శాస్త్రవేత్తలు దగ్గరి గెలాక్సీల పటాలు గీస్తూ 1987లో దీన్ని గుర్తించి, లోకల్ వాయిడ్ అన్నారు. మన పాలపుంత ఉన్నది ఆ బీడు గట్టుమీదే. ఇంత పక్కనున్నది అంత ఆలస్యంగా తెలియడానికి కారణం అటువైపు పాలపుంత దుమ్ము అడ్డం ఉండటం. దుమ్ము వెనక నిజంగా ఏమీ లేదా, ఉండీ కనబడటం లేదా అన్నది తేల్చడం కష్టమైంది.

ఖాళీని కనిపెట్టాలంటే ముందు ఉన్నవాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టాలి. ఆ ఓపిక మన తెలుగునేలకు కొత్త కాదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ నెలకొల్పిన హైదరాబాద్ నిజామియా వేధశాల, పలుదేశాల వేధశాలలు పంచుకున్న ఆకాశపటం పనిలో తన వంతుగా గాజుపలకల మీద ఫోటోలు తీసి, 7 లక్షల 60 వేలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచి అచ్చువేసింది. కంప్యూటర్లు లేని రోజుల్లో చేసిన పని అది, తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. అయితే ఆ పటం ఏ చుక్క ఎక్కడుందో చెబుతుంది, ఎంత దూరమో చెప్పదు. గెలాక్సీలకు ఆ దూరం వాటి వెలుగు రంగును బట్టి తెలుస్తుంది. గెలాక్సీ ఎంత దూరాన ఉంటే దాని కాంతి అంతగా ఎరుపువైపు జరుగుతుంది. 1981లో రాబర్ట్ కిర్ష్‌నర్, ఆయన సహచరులు ఇలాగే కొలుస్తూ, స్వాతి నక్షత్రం ఉన్న దిక్కున, ఆ నక్షత్రానికి ఎంతో అవతల, 30 కోట్ల కాంతి సంవత్సరాల అంతటి ఖాళీని చూశారు. తర్వాత పటాలు పెరిగేకొద్దీ అసలు రూపం తేలింది. గెలాక్సీలు బట్టలసబ్బు నురగలా ఉన్నాయి. బుడగల గోడల మీద గుంపులు, బుడగల లోపల వెలితి.

ఈ వెలితి మొదటినుంచీ ఉన్నది కాదు. అదెలా వచ్చిందో చెప్పడానికి నాకు మావైపు పల్లెవీధి కంటే దగ్గరి ఉదాహరణ లేదు. వరసగా రెండేళ్లు సెనక్కాయ చేతికి రాలేదు. మొదట ఒక్క ఇంటివాళ్లు బెంగళూరుకు మేస్త్రీ పనికి పోయారు. అక్కడ కుదురుకుని బామ్మర్దిని పిలిపించుకున్నారు. బేరం తగ్గి టీ అంగడి మూతపడింది. అంగడివాడూ పోయాడు. ఇప్పుడా వీధిలో తాళంకప్పలు తుప్పుపట్టాయి, గడపల మీద పసుపు వెలిసిపోయింది. ఒక అరుగు మీద ఒక ముసలమ్మ మాత్రం సాయంత్రం దీపం పెడుతుంది. జనం తగ్గిన చోటుకు మిగతావాళ్లను నిలిపే బలమూ తగ్గుతుంది.

విశ్వంలో ఆ బలం గురుత్వాకర్షణ. తొలినాళ్లలో పదార్థం దాదాపు సమంగా పరుచుకుని ఉండేది. ఆనాటి వెలుగు నేటికీ మనకు అందుతోంది, అందులో కనిపించే తేడా లక్షలో ఒక వంతు. పిసరంత ఎక్కువున్న చోటు పక్కనున్నదాన్ని లాక్కుంది, లాక్కున్నకొద్దీ బలిసింది. పిసరంత తక్కువున్న చోటు ఉన్నదాన్ని నిలుపుకోలేక 1,380 కోట్ల సంవత్సరాలుగా ఖాళీ అవుతూ వచ్చింది. అయినా వట్టిపోలేదు. మన పక్క బీడులో కూడా కేకే 246 అనే చిన్న గెలాక్సీ ఒకటి ఒంటరిగా వెలుగుతోంది. నాకు ఆ అరుగుమీది దీపమే గుర్తొస్తుంది.

ఇంకా పెద్ద మాట ఒకటుంది. మన చుట్టూ 100 కోట్ల కాంతి సంవత్సరాల మేర గెలాక్సీలు సగటుకన్నా పలచగా ఉన్నాయని 2013లో ర్యాన్ కీనన్, ఏమీ బార్గర్, లెనాక్స్ కౌవీ లెక్కలు చూపారు. దగ్గరి గెలాక్సీలతో కొలిస్తే విశ్వం వేగంగా, తొలి వెలుగుతో కొలిస్తే కాస్త నెమ్మదిగా విస్తరిస్తున్నట్టు వస్తోంది. ఈ పలుచదనమే అందుకు కారణమని కొందరి వాదన. అది చాలదని చాలామంది. లెక్క తెగేదాకా ఎటూ మొగ్గకపోవడమే సబబని నా ఉద్దేశం.

పక్కనున్న బీడు సంగతి మాత్రం ఇంకా చెప్పాలి. ఆ వైపు మనల్ని పట్టి ఉంచేది ఏమీ లేదు, మిగతా వైపుల లాగేవి ఉన్నాయి. అందుకని విశ్వం విస్తరించే వేగం మీద అదనంగా, పాలపుంత తన ఇరుగుపొరుగుతో కలిసి సెకనుకు దాదాపు 260 కిలోమీటర్ల చొప్పున ఆ బీడుకు దూరం జరుగుతోంది. తాడిపత్రి నుంచి బెంగళూరు కూడా సుమారు అంతే దూరం. మనవాళ్లు రాత్రి బస్సెక్కి తెల్లారి దిగే ఆ దూరాన్ని, మీరు ఇసుకలో పడుకుని నడినెత్తికి చూస్తున్నంతసేపూ, సెకనుకొకసారి దాటిపోతూనే ఉంటారు.